పొలంలో విందుకు వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

టికెట్ కొని, పొలంలోనే ఆరుబయట బల్లల దగ్గర కూర్చుని, ఆ రోజు కోసిన పంటతో వండింది వైన్‌తో కలిపి తినే విందు ఇది.

తిరుగు ప్రయాణం: చిన్న ఊళ్లో రాత్రి పదింటికి ట్యాక్సీ దొరుకుతుందన్న నమ్మకం వద్దు. తాగకుండా ఉండి బండి నడిపేదెవరో బయల్దేరే ముందే తేల్చుకోండి, లేదా అక్కడే గది తీసుకోండి. ఒక గ్లాసు వైన్ ఒంట్లోంచి దిగడానికి గంట పైనే పడుతుంది. కాఫీ తాగితే మెలకువ వస్తుంది, మత్తు మాత్రం దిగదు.

అలర్జీలు: టికెట్ తీసుకునేటప్పుడే చెప్పండి. ఆ రోజు కోతకొచ్చిన దాన్నిబట్టి అందరికీ ఒకే వంట చేస్తారు. బల్ల దగ్గర చెబితే మీకు మిగిలేది రొట్టే.

వాన: కురిస్తే పందిరి ఉందా, డబ్బు వెనక్కిస్తారా అని ముందే అడగండి.

చెప్పులు: సన్న మడమలవి మెత్తటి మట్టిలో దిగబడతాయి.

స్వెటర్: పొద్దు వాలితే ఆరుబయట చలి తొందరగా మొదలవుతుంది.

అత్తరు, ఘాటు దోమల మందు: వైన్ వాసనను మింగేస్తాయి, పక్కవాళ్ల గ్లాసులోది కూడా. వాసన లేని మందు రాసుకుని, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

గ్లాసు: తీపి వైన్‌కి కందిరీగలు వాలతాయి. చీకట్లో చూడకుండా గుక్క వేయొద్దు.

కొన్న సీసాలు: మర్నాడు ఎండలో కారులో వదిలేయకండి. వేడికి వైన్ ఉబ్బి బిరడాను పైకి తోస్తుంది, రుచీ పోతుంది.

నగదు: నెట్‌వర్క్ లేని చోట కార్డు పనిచేయకపోవచ్చు.