రూకీ సంతకం ఎప్పుడు పెట్టాలి? ముందు ఏ రౌండో చెప్పండి

ఏటా ఏప్రిల్ చివర్లో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ అయిపోతుంది, అంటే కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు ఏడు రౌండ్లలో వంతులవారీగా ఎంచుకుంటాయి. ఎంపికైన కుర్రాళ్లు, అంటే రూకీలు, టీమ్ టోపీ పెట్టుకుని ఫొటోలు దిగుతారు. జూలై వచ్చేసరికి మా టెక్సాస్ ఫ్రిస్కోలో (డాలస్ కౌబాయ్స్ టీమ్ ప్రాక్టీస్ గ్రౌండ్ ఇక్కడే, తెలుగువాళ్లూ ఇక్కడ బోలెడంత మంది) టీ కప్పు పట్టుకున్న ప్రతివాడూ అడిగేది ఒకటే: "ఫలానావాడు ఇంకా సంతకం పెట్టలేదట, డబ్బు చాల్లేదా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే. ఏ రౌండ్? ఎందుకంటే మొదటి రౌండ్ కుర్రాడికి సరైన రోజు, ఏడో రౌండ్ కుర్రాడికి సరైన రోజు ఒకటి కావు, ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చేవాడికి విషయం తెలియనట్టే.

డబ్బు మొత్తం గురించి అసలు గొడవే లేదు, అది ముందే తేలిపోతుంది. 2010 దాకా ఇలా ఉండేది కాదు. ఆ ఏడాది మొదటి పిక్ (అందరికన్నా ముందు ఎంపికైనవాడు) శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి సెయింట్ లూయిస్ రామ్స్ ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లు గ్యారంటీగా (టీమ్ తీసేసినా ఇవ్వాల్సిందే) రాసిచ్చింది, వాడు అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2011లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంలో ప్రతి పిక్‌కీ ఒక లెక్క కట్టేశారు. ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి వచ్చింది నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లు. ఇప్పటికీ అదే పద్ధతి: డ్రాఫ్ట్ అయిన ప్రతివాడికీ నాలుగేళ్ల కాంట్రాక్టే, మొదటి రౌండ్ వాళ్లకి మాత్రం ఐదో ఏడాది ఉంచుకునే హక్కు టీమ్ చేతిలో ఉంటుంది. మూడు సీజన్లు అయ్యేదాకా మళ్లీ బేరానికి కూర్చోవడానికి వీల్లేదు. అంటే ఈ మొదటి సంతకం మూడేళ్ల పాటు అంటుకుని ఉంటుంది, తొందరపడినా ఆలస్యం చేసినా ఫలితం అన్నాళ్లూ కనిపిస్తుంది.

మరి బేరం దేనిమీద? గ్యారంటీ ఎన్నేళ్లకి, సైనింగ్ బోనస్ ఒకేసారి ఇస్తారా విడతలా, ఆఫ్‌సెట్ ఉందా లేదా, ఏ తప్పు చేస్తే గ్యారంటీ రద్దవుతుంది. ఈ నాలుగే. ఆఫ్‌సెట్ అంటే, టీమ్ మనవాణ్ని మధ్యలో తీసేసింది, ఇంకో టీమ్ తీసుకుని జీతం ఇచ్చింది అనుకోండి, ఆ జీతాన్ని పాత టీమ్ తన గ్యారంటీ బాకీలోంచి మినహాయించుకుంటుంది. ఆఫ్‌సెట్ లేకపోతే రెండు చోట్లా జీతమే. నాలుగింటిలో చివరిది, గ్యారంటీ రద్దు సంగతి, మన ఐటీ వాళ్లకి బాగా అర్థమవుతుంది. నేను ఒకసారి ఉద్యోగం మారినప్పుడు ఆఫర్ లెటర్ మొదటి పేజీలో జాయినింగ్ బోనస్ అంకె చూసి మురిసిపోయి సంతకం పెట్టేశాను. పదకొండో నెలలో మానేస్తే మొత్తం వెనక్కి కట్టాలన్న వాక్యం ఆరో పేజీలో ఉంది. కట్టాను. రూకీ కాంట్రాక్టులోనూ ఆరో పేజీ ఉంటుంది, టైమ్ తీసుకోవాలంటే దానికోసమే తీసుకోవాలి.

సంతకం సంగతి ఎలా ఉన్నా, మే నెలలోనే చేయాల్సిన పని ఒకటుంది. డ్రాఫ్ట్ అయిన వారానికో రెండు వారాలకో రూకీ మినీక్యాంప్ (కొత్తవాళ్లకి చిన్న ప్రాక్టీస్ శిబిరం) పెడతారు. కాంట్రాక్టు లేకుండానే దానికి వెళ్లొచ్చు, కానీ గ్రౌండ్‌లో అడుగుపెట్టే ముందు ఒక హామీ కాగితం రాయించుకోవాలి: ఇక్కడ గాయపడితే, మనవాడి డ్రాఫ్ట్ స్థానానికి తగ్గ కాంట్రాక్టే ఇస్తామని. 2015లో జాక్సన్‌విల్ జాగ్వార్స్ మూడో పిక్‌గా దాంతే ఫౌలర్‌ని తీసుకుంది. మే 8, మినీక్యాంప్ మొదటి రోజు, మొదటి ప్రాక్టీస్. డ్రిల్ ఏదో చేస్తున్నాడు, మోకాలు పట్టేసింది. ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) తెగింది, ఆ సీజన్ అంతా పోయింది. అప్పటికి కాంట్రాక్టు లేదు, ఆ కాగితం మాత్రం ఉంది. టీమ్ తర్వాత మూడో పిక్‌కి రావాల్సిన సుమారు 2.35 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆ ఒక్క కాగితం లేకపోయి ఉంటే ఏం జరిగేదో ఊహించుకోవడానికి కూడా నాకు టెన్షన్‌గా ఉంటుంది. గుర్తుపెట్టుకోండి, ఆ హామీ టీమ్ గ్రౌండ్‌లో టీమ్ చేయించే పనికే. సాయంత్రం స్నేహితులతో బాస్కెట్‌బాల్ ఆడుతూ చీలమండ మెలిపడితే దానికి ఎవరూ బాధ్యత తీసుకోరు, కాబట్టి సంతకం అయ్యేదాకా బయట బండి, బంతి రెండూ తగ్గించాలి.

ఇప్పుడు రౌండ్ల సంగతి. నాలుగో రౌండ్ నుంచి ఏడో రౌండ్ దాకా అయితే, కాంట్రాక్టు ఇచ్చిన రోజే సంతకం పెట్టేయండి, మే నెలలోనే. బేరం ఆడేందుకు పెద్దగా ఏమీ ఉండదు, జీతాలు దాదాపు అన్నీ లీగ్ కనిష్ఠ జీతాలే (2025లో కొత్తవాడికి 8.4 లక్షల డాలర్లు). నాలుగేళ్ల మొత్తం అంకె పేపర్లో బాగానే కనిపిస్తుంది గానీ, ఆగస్టు చివర్లో 90 మందిని 53కి తగ్గించేటప్పుడు మనవాణ్ని తీసేస్తే ఆ అంకెకి విలువ లేదు, చేతిలో నిలిచేది సైనింగ్ బోనస్ ఒక్కటే. కాబట్టి ఆ బోనస్ ఎంత త్వరగా ఖాతాలో పడితే అంత మంచిది. 2022లో ఆఖరి పిక్, 262వది, బ్రాక్ పర్డీ. సైనింగ్ బోనస్ 77,008 డాలర్లు. ఆ 8 డాలర్లు ఎక్కడివో నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. నాలుగేళ్లకు 37 లక్షల చిల్లర. వాడు దానిమీద బేరమాడుతూ ఇంట్లో కూర్చోలేదు, టీమ్‌లో మిగిలాడు, మూడు సీజన్ల నిబంధన అయిపోగానే 2025 మేలో శాన్‌ఫ్రాన్సిస్కో 49ఎర్స్ ఐదేళ్లకు 26.5 కోట్లు రాసిచ్చింది. చివరి రౌండ్ల కుర్రాళ్లకి డబ్బు రెండో కాంట్రాక్టులో ఉంది, మొదటిదానిలో కాదు.

మూడో రౌండ్‌లో కొంచెం సందు ఉంది. రెండు, మూడు, నాలుగు ఏళ్ల జీతం కనిష్ఠం దగ్గరే ఆపాలా, కొంచెం పైకి లాగొచ్చా అన్నదాని మీద ఏజెంట్ నాలుగైదు సార్లు ఫోన్ చేస్తాడు. జూన్ దాకా ఆగండి, అంతకుమించి ఆగి ప్రయోజనం లేదు.

అసలు కథ రెండో రౌండ్‌ది. 2025 ముందు వరకూ అక్కడ నాలుగో ఏడాది పూర్తి గ్యారంటీ అంటే టీమ్‌లు ఒప్పుకునేవి కావు, మూడేళ్లకో, నాలుగో ఏడాదిలో కొంత భాగానికో సరిపెట్టేవి. ఆ ఏడాది మేలో హ్యూస్టన్ టెక్సాన్స్ 34వ పిక్ జేడెన్ హిగ్గిన్స్‌కి మొత్తం గ్యారంటీ ఇచ్చేసింది. వెంటనే ముందు వరుసలో ఉన్న 33వ పిక్ కార్సన్ ష్వెసింగర్‌కి క్లీవ్‌లాండ్ కూడా ఇవ్వాల్సి వచ్చింది. తన వెనక పిక్‌కి ఇచ్చింది తనకెందుకు ఇవ్వరు? అక్కడితో బండి ఆగిపోయింది. మిగతా 30 మందీ సంతకం పెట్టకుండా జూలై మధ్య దాకా కూర్చున్నారు. ఒకడు ముందు పెడితే వాడి కాగితమే పక్కవాడికి కొలబద్ద అయిపోతుంది, టీమ్‌ల భయం అదే, ఏజెంట్ల ఆశ కూడా అదే. పెళ్లిలో కట్నకానుకల మాట మొదట బయటపెట్టడానికి ఎవరూ ముందుకు రానట్టు. చివరికి ట్రైనింగ్ క్యాంప్ (సీజన్‌కి ముందు జరిగే అసలు శిబిరం) తలుపు తెరిచే వారంలో 40వ పిక్ టైలర్ షక్‌కి న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ పూర్తి గ్యారంటీ ఇచ్చింది, ఆ తర్వాత మిగతావాళ్ల లెక్కలు టకటకా తేలిపోయాయి. 55వ పిక్ ట్రే హ్యారిస్ మాత్రం చార్జర్స్ రూకీలు హాజరైన రోజున రాలేదు, కొన్ని రోజులకి సంతకం పెట్టి వచ్చాడు.

దీన్నిబట్టి రెండో రౌండ్ కుర్రాడు చేయాల్సింది: మనవాడికి ఒక పిక్ ముందున్నవాడూ, ఒక పిక్ వెనకున్నవాడూ ఏం తెచ్చుకున్నారో చూడాలి. ఇద్దరిలో ఒక్కడైనా పెట్టాడంటే మనకి లెక్క దొరికినట్టే, ఇంక ఆగొద్దు. ఎవరూ పెట్టకపోతే హామీ కాగితం చేతిలో పెట్టుకుని మే, జూన్ ప్రాక్టీసులన్నీ చేసేయాలి, నోరు మూసుకుని. ఆగినందుకు జరిమానా ఏమీ లేదు, కాంట్రాక్టే లేనివాడికి ఫైన్ వేయడం కుదరదు కదా. కానీ ట్రైనింగ్ క్యాంప్ వేరు. అక్కడ సంతకం లేకుండా ప్రాక్టీస్ లేదు. అందుకే గీత అక్కడ గీసుకోవాలి: రూకీలు క్యాంప్‌కి హాజరవ్వాల్సిన రోజుకి ముందు రాత్రి.

మొదటి రౌండ్‌కీ అదే గీత. ఇక్కడ గ్యారంటీ గురించి గొడవ ఇప్పుడు లేదు, నాలుగేళ్లూ ఇస్తున్నారు. మిగిలేది ఆ ఆరో పేజీయే. 2016లో మూడో పిక్ జోయి బోసా ఆఫ్‌సెట్ గురించీ బోనస్ విడతల గురించీ శాన్‌డియేగో చార్జర్స్‌తో పంతం పట్టాడు. క్యాంప్ మొత్తం పోయింది. టీమ్ మా ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నామని బహిరంగంగా ప్రకటించింది, వాళ్లమ్మ ఫేస్‌బుక్‌లో కోపం వెళ్లగక్కింది. ఆగస్టు 29న సంతకం, 2.59 కోట్లు. వెంటనే తొడ వెనక కండరం పట్టేసి మొదటి నాలుగు మ్యాచ్‌లు ఆడలేదు. ఆడిన 12 మ్యాచ్‌లలో పదిన్నర శాక్‌లు (బంతి విసిరేవాణ్ని విసరకముందే పడగొట్టడం) చేసి ఆ ఏడాది ఉత్తమ డిఫెన్స్ రూకీ అయ్యాడు కాబట్టి అందరూ మర్చిపోయారు గానీ, నెల రోజులు టీమ్‌తో పరిగెత్తనివాడు ఒక్కసారి పూర్తి వేగంతో దిగితే కండరం ఊరుకోదు. అందరూ బోసాలు కారు. 2007లో మొదటి పిక్ జమార్కస్ రసెల్ క్యాంప్ అంతా మానేసి సెప్టెంబరు 12న సంతకం పెట్టాడు, క్వార్టర్‌బ్యాక్ (టీమ్ ఆటని నడిపించి బంతి విసిరేవాడు) అయ్యుండి. 2010లో ఓక్‌లాండ్ రైడర్స్ తీసేసింది. సంతకం ఆలస్యమే కారణమని నేననను, కానీ నేర్చుకోవాల్సిన ప్లేబుక్ (టీమ్ ఎత్తుగడల పుస్తకం) అంత లావుగా ఉన్న క్వార్టర్‌బ్యాక్‌కి ఆ నెల ఇంకెవరికీ లేనంత అవసరం. మనవాడు క్వార్టర్‌బ్యాక్ అయితే గీతని ఇంకో వారం ముందే గీసుకోండి.

ఆగడం న్యాయమే అనిపించిన కేసులూ ఉన్నాయి. 2018లో ఎనిమిదో పిక్ రొక్వాన్ స్మిత్ ఆ ఏడాదే వచ్చిన హెల్మెట్ నిబంధన (తల వంచి హెల్మెట్‌తో ఢీకొట్టకూడదు) కింద సస్పెండ్ అయితే తన గ్యారంటీ పోకూడదని పట్టుబట్టాడు, లైన్‌బ్యాకర్‌కి (ఎదుటివాణ్ని పడగొట్టే డిఫెన్స్ ఆటగాడు) ఢీకొట్టడం అక్షరాలా రోజూ చేసే పని. ఆగస్టు 14న పెట్టాడు. 2025లో 17వ పిక్ షెమార్ స్టీవర్ట్‌ని సిన్సినాటి బెంగాల్స్ అడిగింది, తప్పు చేస్తే మిగిలిన ఏళ్ల గ్యారంటీ కూడా రద్దయ్యేలా ఒక వాక్యం పెడతామని. ముందు ఏళ్లలో అదే టీమ్ తీసుకున్న మొదటి రౌండ్ వాళ్లకి ఆ వాక్యం లేదు. వాడు జూన్‌లో మీటింగులకి వచ్చాడు, గ్రౌండ్‌లో దిగలేదు. క్యాంప్ మొదలైన రెండు మూడు రోజులకి రాజీపడ్డారు. నా మట్టుకు నాకు స్టీవర్ట్ వైపే న్యాయం కనిపించింది, అయినా ఆ రెండు మూడు రోజుల తర్వాత కూడా ఆగమని నేను చెప్పను.

సంతకానికి ముందు ఇంట్లో తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి ఏజెంట్. సంఘం నిబంధన ప్రకారం 3 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు, మామూలుగా ఒప్పందం పత్రంలో 1.5 ఉంటుంది, రూకీకి ఇంకా తగ్గించమని అడగడంలో తప్పు లేదు, మొత్తం ఎంతో లీగే తేల్చేసింది కదా. లమార్ జాక్సన్ 2018లో 32వ పిక్‌గా ఏజెంటే లేకుండా, వాళ్లమ్మ సాయంతో పెట్టాడు. రెండోది పన్ను. సైనింగ్ బోనస్‌లో మొదటి 10 లక్షల డాలర్ల మీద ఫెడరల్ ప్రభుత్వం 22 శాతం పట్టుకుంటుంది, ఆపైన 37. రాష్ట్ర పన్ను వేరే. బోనస్‌కి షరతులు సరిగ్గా రాసి ఉంటే చాలా రాష్ట్రాల్లో అది ఆటగాడు నివసించే రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది, కాబట్టి రాష్ట్ర ఆదాయపన్ను లేని టెక్సాస్‌లోనో ఫ్లోరిడాలోనో ఇల్లూ లైసెన్సూ సంతకానికి ముందే మార్చుకోవడం గురించి అకౌంటెంట్‌ని అడగండి, తర్వాత కాదు. ఈ పనికి ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు.

ఎవరి మాటా వినకుండా క్యాంప్ దాటి ఆగితే దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోతాయి. సీజన్ మొదటి ఆదివారానికి 30 రోజుల ముందు దాటితే మనవాడి హక్కుల్ని ఇంకో టీమ్‌కి అమ్మడానికి ఉండదు. పదో వారం తర్వాతి మంగళవారం దాటితే ఆ ఏడాది ఆటే లేదు, తర్వాతి డ్రాఫ్ట్ దాకా ఎదురుచూపే. 1986లో మొదటి పిక్ బో జాక్సన్ టాంపా బే తరఫున ఆడనని అలాగే వదిలేశాడు, మరుసటి ఏడాది రైడర్స్ ఏడో రౌండ్‌లో, 183వ పిక్‌గా తీసుకుంది. ఈలోగా జాక్సన్ ఖాళీగా లేడు, కాన్సాస్ సిటీ రాయల్స్ తరఫున బేస్‌బాల్ ఆడుకుంటున్నాడు. మనవాడికి బేస్‌బాల్ వచ్చా?