"మాత్ర వేసుకోండి" అని ఇంగ్లీషులో చెప్పాలంటే

నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తి చేసి నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేరిన కొత్తలో నైట్ డ్యూటీ పడింది. వార్డులో ఒక బెంగాలీ పెద్దాయన ఉన్నారు, ఆయనకు తెలుగు రాదు. రాత్రి మాత్ర చేతికిచ్చి "పుట్ దిస్ టాబ్లెట్, సర్" అన్నాను. నా మనసులో ఉన్నది "మాత్ర వేసుకోండి" అనే వాక్యం. ఆయన తలూపి, మాత్రను పక్కనున్న స్టూల్ మీద పెట్టేశారు. తెల్లవారుజామున బీపీ చూడడానికి వెళ్తే అది అక్కడే ఉంది. కేస్ షీటులో మాత్రం ఇచ్చినట్టు రాసేశాను. డ్యూటీ డాక్టరుకు చెప్పి, షీటు సరిచేయించుకుని, ఆయన దగ్గరే నిలబడి మాత్ర వేయించాను.

ఇప్పుడు సాయంత్రాలు జూనియర్ సిస్టర్లకు ఇంగ్లీషు నేర్పుతున్నాను. మొదటి రోజు ఈ సంగతి చెప్పాకే పుస్తకం తెరుస్తాను. ఆ రాత్రి నేను వాడాల్సిన క్రియ "టేక్".

టేక్ అంటే తీసుకోవడం అని బడిలో అందరం చదువుకున్నాం. అది నిజమే కానీ, ఆ ఒక్క అర్థంతో వార్డులో పని నడవదు. తెలుగులో మాత్ర వేసుకుంటాం, సిరప్ తాగుతాం, ఇన్‌హేలర్ పీలుస్తాం, ఇన్సులిన్ చేసుకుంటాం. ఇంగ్లీషులో రోగి వీటన్నిటినీ వాడడానికి టేక్ సరిపోతుంది. "టేక్ దిస్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్", "టేక్ టూ స్పూన్స్ ఆఫ్ దిస్ సిరప్". హిందీ వాళ్ళు దవా ఖానా అంటారు కాబట్టి "ఈట్ ద టాబ్లెట్" అంటుంటారు. మనం పుట్ అనడం, వాళ్ళు ఈట్ అనడం ఒకే రకం తప్పు. సొంత భాషలోని క్రియను మోసుకొచ్చి ఇంగ్లీషు నామవాచకం పక్కన నిలబెడుతున్నాం.

అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకు మొదట చెప్పేది, నోటుబుక్కులో ఎడమ పేజీ మీద తెలుగు వాక్యాన్ని వార్డులో ఎలా అంటారో అలాగే రాయమని. "జ్వరం చూస్తానమ్మా." తర్వాత అందులో క్రియను కొట్టేయమంటాను. మిగిలింది జ్వరం. అసలు చూసేది జ్వరాన్ని కాదు, ఒంటి వేడిని, అంటే టెంపరేచర్. ఇంగ్లీషులో టెంపరేచర్ పక్కన ఏ క్రియ ఉంటుందో అదే కుడి పేజీ మీద రాయాలి. "ఐ విల్ టేక్ యువర్ టెంపరేచర్." తెలుగు క్రియ కళ్ళ ముందు ఉన్నంతసేపూ చెయ్యి "సీ యువర్ ఫీవర్" అనే రాస్తుంది. కొట్టేశాక రాయదు. నేనే ఇలా నేర్చుకున్నాను.

బీపీ చూస్తాం, రక్తం తీస్తాం, ఎక్స్‌రే తీస్తాం, పల్స్ పట్టుకుంటాం. అన్నిటికీ టేక్ వస్తుంది. పరీక్ష కూడా అంతే. మనం పరీక్ష రాస్తాం, హిందీవాళ్ళు ఇస్తారు, ఇంగ్లీషులో విద్యార్థి టేక్ చేస్తాడు, టీచర్ గివ్ చేస్తుంది. సెలవు పెట్టడాన్ని "పుట్ లీవ్" అనకండి, "టేక్ లీవ్" అనండి.

శ్వాస దగ్గర మాత్రం కాస్త ఆగాలి. "గాలి గట్టిగా పీల్చండి" అనడానికి "టేక్ ఎ డీప్ బ్రెత్" అనాలి. బ్రెత్ నామవాచకం, బ్రీద్ క్రియ. "టేక్ ఎ డీప్ బ్రీద్" అని చాలామంది అంటారు. స్టెతస్కోపు పెట్టిన ప్రతిసారీ వాడే మాట ఇది, కాబట్టి "బ్రెత్" అని పది సార్లు పైకి అనండి. ముందుండే "ఎ" కూడా మింగేయొద్దు. ఒక్కసారి చేసే చిన్న పని అయితే ఆ "ఎ" వస్తుంది: టేక్ ఎ లుక్, టేక్ ఎ సీట్, టేక్ ఎ బ్రేక్. రోగికి చెందినదైతే "యువర్" వస్తుంది. టేక్ కేర్, టేక్ పార్ట్, టేక్ ప్లేస్ లాంటి వాటిలో మధ్యలో ఏదీ ఉండదు. ఈ చిన్న మాటను కూడా క్రియ, నామవాచకం జంటతో కలిపే రాసుకోండి, విడిగా గుర్తుండదు.

"కూర్చోండి" అన్నచోట "సిట్" అంటే గద్దించినట్టు వినిపిస్తుంది. "ప్లీజ్ టేక్ ఎ సీట్" అంటే మన "అండి" అందులోకి వచ్చేస్తుంది. పుండు చూసే ముందు "కెన్ ఐ టేక్ ఎ లుక్?" అని అడగడం కూడా అలాంటి మర్యాదే.

ఇంగ్లీషులో పూర్వం తీసుకోవడానికి నిమన్ అనే వేరే క్రియ ఉండేది. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవాళ్ళ భాషలోని టాకా వచ్చి దాన్ని తోసేసింది. పాత మాట మన వార్డులో మాత్రం ఇంకా ఉంది. తిమ్మిరికి వాడే "నంబ్" అందులోంచి వచ్చిందే, స్పర్శను ఏదో లాగేసుకున్న చోటు అన్నమాట. నాకు ఇది తెలిసిన రోజు చాలా సంతోషమేసింది.

సమయం సంగతి మనకు తేలిక. "ఆపరేషన్‌కు రెండు గంటలు పడుతుంది" అన్నప్పుడు ఆ "పడుతుంది" అంటే టేక్. "ద ఆపరేషన్ విల్ టేక్ టూ అవర్స్." తీసుకెళ్ళడం, తీసుకురావడం కూడా మన భాష ముందే విడదీసి ఇచ్చింది. ఎక్స్‌రేకు తీసుకెళ్తే టేక్, అక్కడి నుంచి ఇక్కడికి తీసుకొస్తే బ్రింగ్.

ఇక తెలుగులో "తీసుకోవడం" ఉన్నా ఇంగ్లీషులో టేక్ అంతగా నప్పని చోట్లు. "టిఫిన్ తీసుకున్నారా?" అంటే "హ్యావ్ యు హ్యాడ్ బ్రేక్‌ఫాస్ట్?" ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నారు అనడానికి "హ్యావింగ్ ట్రీట్‌మెంట్" లేదా "రిసీవింగ్ ట్రీట్‌మెంట్". "రెస్ట్ తీసుకోండి" అంటే "గెట్ సమ్ రెస్ట్". టెన్షన్ తీసుకోవద్దు అన్నప్పుడు "డోంట్ వర్రీ" చాలు. మన దేశంలో "టేక్ ట్రీట్‌మెంట్", "టేక్ టెన్షన్" అందరికీ అర్థమవుతాయి. కానీ ఓఈటీకి (విదేశాల్లో పనిచేయాలనుకునే వైద్య సిబ్బంది రాసే ఇంగ్లీషు పరీక్షకు) కూర్చునేవాళ్ళు మార్చుకోవాలి. ఆ స్పీకింగ్ పరీక్షలో ఒక్కోటి ఐదేసి నిమిషాల చొప్పున రెండు రోల్‌ప్లేలు ఉంటాయి, అందులో మీరు మాట్లాడేదంతా దాదాపు ఇలాంటి వాక్యాలే. డెసిషన్ గురించి భయం వద్దు. బ్రిటన్‌లో టేక్, మేక్ రెండూ అంటారు, అమెరికాలో ఎక్కువగా మేక్ అంటారు.

డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పజెప్పే హ్యాండోవర్‌లో రెండు తప్పులు రోజూ వింటాను. ఒకటి "డిడ్ యు టుక్". డిడ్ ఉంటే టేక్‌గానే ఉంచాలి: "డిడ్ యు టేక్ ద బీపీ?" రెండోది "ద సర్జరీ వాజ్ టేకెన్ ప్లేస్". జరగడమనే అర్థంలో టేక్ ప్లేస్ ముందు వాజ్ రాదు. "ద సర్జరీ టుక్ ప్లేస్ ఎట్ టెన్" అనాలి.

ఈ రాత్రి డ్యూటీకి వెళ్ళేవాళ్ళు అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. మూడే పట్టుకోండి: టేక్ యువర్ టెంపరేచర్, టేక్ ఎ డీప్ బ్రెత్, టేక్ దిస్ టాబ్లెట్. తెలుగు రోగి దగ్గర నోటితో తెలుగులో చెబుతూ, మనసులో ఇంగ్లీషు వాక్యం అనుకోండి. ఒక్కో బెడ్ దగ్గర ఒకసారి అనుకున్నా, రౌండు పూర్తయ్యేసరికి ముప్పై సార్లు అయిపోతుంది.