మృగశిరకి ముందే వైఫై సంగతి తేల్చుకోండి

వైఫై ఉన్నట్టుండి పోతుంది, కాసేపటికి దానంతటదే వస్తుంది. వచ్చేసింది కదా అని ఊరుకుంటాం. మన గోదావరి జిల్లాల్లో ఈ రోగానికి మందు ఎండలుండగానే వెయ్యాలి. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. ఈదురుగాలికి కొబ్బరిమట్టలు లైన్ల మీద పడ్డాక కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి లాభం లేదు. అప్పటికి ఊరంతా అతని మీదే ఉంటుంది.

ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: పోతున్నది ఇంట్లో వైఫైయా, బయటి నుంచి వచ్చే నెట్టా? ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా ఉండి ఏ పేజీ తెరుచుకోకపోతే అనుమానం లైను మీదకి పోవాలి. గుర్తే మాయమైతే రౌటర్ మీదకి. ఇంకా గట్టిగా తెలియాలంటే లాప్‌టాప్‌లో రెండు కమాండ్ విండోలు తెరవండి. ఒకదాంట్లో రౌటర్ అడ్రసుకి (చాలా ఇళ్లలో 192.168.1.1), రెండోదాంట్లో 8.8.8.8కి (ఇది బయట నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్ అడ్రసు) ఆగకుండా పింగ్, అంటే జవాబు వస్తోందా అని అడిగే కమాండ్, పెట్టి వదిలేయండి. నెట్ పోయినప్పుడు రెండూ ఆగితే తప్పు ఇంట్లోనే. మొదటిది నడుస్తూ రెండోదే ఆగితే తప్పు బయట. ఆ స్క్రీన్ ఫొటో తీసి ఆపరేటర్‌కి పంపండి. "మా వైపు అంతా బాగానే ఉందండి" అనే మాట అక్కడితో ఆగుతుంది.

బ్రౌజర్‌లో రౌటర్ అడ్రసు కొడితే తెరుచుకునే పేజీలో అప్‌టైమ్, అంటే రౌటర్ ఆన్ అయి ఎంతసేపయిందో చూపే లెక్క, కూడా చూడండి. నెల రోజులుగా ఆన్‌లో ఉన్నదానికి అప్‌టైమ్ పది నిమిషాలే చూపిస్తోందంటే అది వైఫై జబ్బు కాదు, కరెంటు జబ్బు. రెప్పపాటు కరెంటు పోయినా రౌటర్ మళ్లీ మొదటి నుంచి లేస్తుంది, నెట్ అందుకునే సరికి రెండు మూడు నిమిషాలు. అడాప్టర్ వదులైనా, ముసలిదైనా ఇదే తంతు. అడాప్టర్ మీద రాసిన వోల్టులకి సరిపోయే చిన్న రౌటర్ యూపీఎస్ పెడితే సగం ఫిర్యాదులు పోతాయి. చాలా రౌటర్లకి 12 వోల్టులు.

లైను సంగతికొస్తే, ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. గాలి వీచినప్పుడే వెలుగుతుంటే తీగ ఎక్కడో మట్టకి రాసుకుంటోంది, లేదా మెలిక పడి నలుగుతోంది. స్తంభానికి వేలాడే జాయింటు పెట్టె మూత తెరిచి ఉంటే వానకి ముందే మూయించండి. కరెంటు తీగల పక్కనున్న మట్టల జోలికి మాత్రం మీరు వెళ్లకండి, లైన్‌మ్యాన్‌కి చెప్పండి.

తప్పు ఇంట్లోనిదైతే పని తేలికే. రౌటర్‌ని ఇనప బీరువా పక్క నుంచి తీసి హాల్లో ఎత్తుగా పెట్టండి. వైఫై నడిచే రెండు బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ (రౌటర్ పేజీలో ఎంచుకునే దారి) 1, 6, 11 ఈ మూడే ఒకదాన్నొకటి తగలకుండా ఉంటాయి, పక్కింటివాళ్లు వాడనిది ఎంచుకోండి. రెండోదైన 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 లోపు పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లని రాడార్లు కూడా వాడతాయి, వాటి జాడ తగిలిందంటే రౌటర్ ఆ ఛానెల్‌ని ఖాళీ చెయ్యాల్సిందే, ఆ కాసేపూ మీ నెట్ గల్లంతు.

రొయ్యల చెరువులున్నవాళ్లకి ఇంకో తలనొప్పి. ఇంటి నుంచి గట్టు మీది షెడ్డుకి వైర్‌లెస్ లింకు పెట్టుకుంటారు. వేసవిలో బ్రహ్మాండంగా నడిచిన లింకు వానల్లో పడిపోతుంది. మధ్యలో పెరిగిన మట్టలు తడిసి సిగ్నల్‌ని తాగేస్తాయి. లింకు రెండు చివర్లా ఉన్న డిష్ యాంటెన్నాలు ఒకదానికొకటి సూటిగా కనబడాలి. లింకు బదులు రాగి లాన్ కేబుల్ లాగితే దాని హద్దు 100 మీటర్లు, పైగా పిడుగు ప్రభావం ఆ తీగ వెంట నేరుగా రౌటర్‌లోకి వస్తుంది. ఫైబర్ గాజు కాబట్టి కరెంటు మొయ్యదు, కానీ అడాప్టర్ తీగ మోస్తుంది. అందుకే మబ్బు కమ్ముకుంటుండగానే అడాప్టర్‌నీ, చెరువు దగ్గరి కెమెరాకి వెళ్లే రాగి కేబుల్‌నీ రెంటినీ పీకెయ్యాలి. ఉరుములు మొదలయ్యాక తీగల్ని తాకకండి.

ఇక రౌటర్ వెనక చిన్న కన్నంలో రీసెట్ బటన్ ఉంటుంది. విసుగొచ్చి పిన్నీసుతో నొక్కేవాళ్లు చాలామంది. కాసేపు నొక్కి పట్టుకుంటే ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, సెట్టింగులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అవి ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించి పెట్టుకోండి.