రాళ్లమీది నాచులు – 4వ పాఠం: చేతికి తెలిసే కోడియం

గత పాఠంలో ఉల్వాను చూశాం. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతలి వేలు కనిపించేంత పల్చని ఆకు అది. ఈసారి స్పంజులా మెత్తగా, ముదురాకుపచ్చగా ఉండే కోడియం.

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా మన తీరంలో ఎటు చూసినా ఇసుకే. నాచు అంటుకోవడానికి గట్టి పట్టు కావాలి కాబట్టి, కృష్ణపట్నం లాంటి చోట్ల అలల అడ్డుకట్టకు పేర్చిన బండలే మనకు రాతి తీరం. అనుమతి లేకుండా, తోడు లేకుండా వాటిపైకి ఎక్కకండి. పాచి పట్టిన బండ మీద కాలు నిలవదు. కోడియంను తృప్తిగా చూడాలంటే తమిళనాడులోని మండపం అనే ఊరి తీరానికి వెళ్లడం మేలు. అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు బాగా వెనక్కి తగ్గే వేళ చూసుకోండి.

రంగు చూసి పేరు పెట్టేయకండి. అందరూ పొరబడేది అక్కడే. ముందు ముట్టుకోండి. తడిసిన ముఖమల్ గుడ్డలా నునుపుగా తగులుతుంది. నొక్కితే నీరు కారుతుంది, వదిలితే మళ్లీ ఉబ్బుతుంది. తర్వాత కొమ్మలు చూడండి. పంగలకర్రలా ఒక్కో కొమ్మ రెండుగా, ఆ రెండూ మళ్లీ రెండేసిగా చీలుతాయి. బండకు పరుచుకునే జాతులు, బంతిలా ఉండేవి కూడా ఉన్నాయి; వాటికి ఈ గుర్తు పనికిరాదు. పచ్చటి అసలు స్పంజును చూసి మోసపోవద్దు. అది జంతువు. ఒంటినిండా రంధ్రాలుంటాయి, చాలావాటిని నలిపితే గరుకుగా తగులుతుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన పని. చిన్న ముక్కను సముద్రపు నీటిలోనే ఉంచి, సూదితో మెల్లగా విడదీయండి. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కింద పచ్చని గదల్లాంటి తిత్తులు పక్కపక్కనే ఒత్తుగా నిలబడి కనిపిస్తాయి. చాలా జాతుల్లో ఒక్కో తిత్తి పొడవు మిల్లీమీటరు లోపే. వాటి వెనక రంగులేని దారాలు అల్లుకుని ఉంటాయి. ఈ తిత్తులకూ దారాలకూ నడుమ మామూలు కణాల్లోలాగా అడ్డుగోడలు ఉండవు. మీ అరచేతిలోని ఆ కొమ్మలన్నీ కలిసి ఒకే కణమన్నమాట! మొదటిసారి చూసిన రోజు నేను భోజనం సంగతే మరిచిపోయాను.

జాతిని తేల్చేది ఆ తిత్తి కొన. కోడియం ఫ్రాజైల్‌లో కొన ముల్లులా మొనదేలి ఉంటుంది. కోడియం టోమెంటోసమ్‌లో గుండ్రంగా ఉంటుంది. దీనికి మాత్రం సూక్ష్మదర్శిని తప్పదు.

వచ్చే పాఠానికి పది తిత్తుల బొమ్మలు పెన్సిలుతో గీసి ఉంచుకోండి, కొనల దగ్గర మరీ జాగ్రత్తగా. కాలెర్పా అనే మరో పచ్చని నాచును కోడియం పక్కనే ఉంచి పోల్చి చూద్దాం.