కుందేళ్లు కొట్టుకుంటున్నాయా?

సమస్య: నిన్నటిదాకా ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నవి ఇవాళ బొచ్చు పీక్కుంటున్నాయి.

కారణం: ఈడుకొచ్చాయి. నాలుగు నుంచి ఆరు నెలల వయసులో చాలా జంటలు ఇలాగే చెడతాయి. "రెండూ ఆడవేనండీ" అన్న షాపువాడి మాట నేనూ నమ్మాను. పిల్లలప్పుడు ఆడామగా తేల్చడం కష్టం, పొరబడితే నెల తిరిగేసరికి ఈత.

పరిష్కారం: వెంటనే వేరే బోన్లలో పెట్టండి. కుందేళ్లకు చేసిన అనుభవమున్న వెట్‌తో రెండింటికీ పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించండి. కోపం మర్నాడే పోదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో మగదానివల్ల ఇంకా చూలు నిలవొచ్చు, కలపకండి. బోన్లు పక్కపక్కనే, ముక్కులు అందనంత ఎడంగా ఉంచి, రోజూ ఒకదాని కింద పరిచిన గడ్డి కొంచెం రెండోదాని బోనులో వేయండి. వాసన అలవాటు కావాలి.

సమస్య: ఆపరేషన్ అయ్యాక కూడా చూడగానే మీద పడుతోంది.

కారణం: చోటు. తన బోనులోకి ఎవరొచ్చినా దానికి దొంగే.

పరిష్కారం: రెండూ ఎప్పుడూ తిరగని చోట కలపండి. మా ఇంట్లో బాత్రూమే గతి. టైల్స్ మీద కాళ్లు జారితే ఇంకా బెదురుతాయి, గోనెసంచి పరవండి. ఎండుగడ్డి రెండు కుప్పలుగా వేయండి. అట్టపెట్టె పెడితే రెండు వైపులా దారి కోయండి, లేకపోతే లోపల చిక్కిన దాని పని అంతే. మొదట్లో పది నిమిషాలు చాలు, నెమ్మదిగా ఉన్నప్పుడే ఆపేయాలి.

ఒకటి రెండోదాని మీదికెక్కితే కంగారు వద్దు, పెద్దరికం తేల్చుకుంటున్నాయంతే. తలవైపు నుంచి ఎక్కితే మాత్రం దించేయండి, కిందది మర్మాంగం కొరికేస్తుంది. తోక నిక్కి, చెవులు వెనక్కి అణిగి, ఒకదాని చుట్టూ ఒకటి గిర్రున తిరిగాయా, కొట్లాట మొదలైనట్టే. అప్పుడు వట్టి చేయి పెట్టొద్దు. నా బొటనవేలి మీద గాటు ఇంకా ఉంది. చేట అడ్డం పెట్టండి, లేదా మందపాటి టవల్ కప్పి ఎత్తండి.

తర్వాత బొచ్చు పాయలు తీసి చర్మం చూడండి. కాటు పైకి కనపడదు, లోపల చీము పడుతుంది. గాయముంటే వెట్‌కి చూపించాల్సిందే. గొడవయ్యాక రెండింటిలో ఏదైనా మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా ఒక పూట కూడా ఆగకండి, అది ప్రాణం మీదికొస్తుంది.

ఒకదాన్నొకటి నాకుతూ, ఒకే కుప్పలో మేస్తూ, మీ కళ్లముందు రెండు రోజులు తరుముడు లేకుండా గడిపితే అప్పుడు రాత్రి కలిపి వదలొచ్చు. అదీ కడిగి, వస్తువులన్నీ మార్చి సర్దిన బోనులో.