గట్టు మీద కంపచెట్టు కొట్టేటప్పుడు

మా కడప వైపు గట్టు శుభ్రం చేయడమంటే కంపచెట్లు కొట్టడమే. కొన్ని ఊళ్లలో సర్కారు తుమ్మ అంటారు. ఎక్కడో మెక్సికో, దక్షిణ అమెరికా వైపు చెట్టు. 1877 ప్రాంతంలో మా జిల్లాలోని కమలాపురంలో నాటారు. ఇప్పుడు నాలుగేళ్లు బీడు పెడితే చాలు, పొలంలోకి మనిషి దూరలేడు. జేసీబీ పోలేని గట్లకు మచ్చుకత్తే గతి.

లారీ కమాను పట్టీతో కమ్మరి చేసిన కత్తి అయితే మంచిది. అంచు మరీ పలచగా సాన పట్టించొద్దు, ఎండు తుమ్మకు తగిలితే పెచ్చు లేస్తుంది. పిడి కొంచెం కదిలినా ఆ కత్తి ముట్టుకోకండి. కాళ్లకు మందమైన బూట్లు ఉండాలి. ఈ ముల్లు రబ్బరు చెప్పును చీల్చుకుని వస్తుంది, కొన లోపల విరిగితే చీము పడుతుంది.

చాలామంది నేరుగా మాను దగ్గరికి దూరిపోతారు. అలా చేయకండి. ఎడమ చేత్తో పంగల కర్ర పట్టుకుని, కొమ్మను పక్కకు నొక్కిపెట్టి, బయటి రెమ్మల నుంచి మొదలుపెట్టండి. నరికిన ప్రతి కొమ్మనూ అప్పటికప్పుడే ఆ కర్రతో దూరంగా లాగేయండి. వదిలేస్తే తర్వాతి అడుగు ముళ్ల మీదే పడుతుంది. ముళ్లు చూసుకుంటూ కొట్టే వేటు గురి తప్పుతుంది. కాళ్ల కింద నేల ఖాళీగా ఉంటేనే కత్తి ఎత్తాలి. టైం పడుతుంది, పట్టనివ్వండి.

వేటు ఎప్పుడూ ఏటవాలుగా పడాలి. అడ్డంగా కొడితే కత్తి ఎగిరిపడుతుంది. పైకి పెరిగిన కొమ్మను దాని మొదట్లో, అడుగు వైపు నుంచి కొట్టండి. పైనుంచి కొడితే చీలి, తొక్కతో వేలాడుతుంది. కాస్త లావుంటే పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి ఏటవాలుగా వేయండి. రెండు గాట్లూ కలిసిన చోట ముక్క ఊడి వస్తుంది. వేటు తప్పినా కత్తి మీ మోకాలి వైపు రాకుండా నిలబడండి. చుట్టుపక్కల మనుషులు ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు. మణికట్టు కంటే లావైన మానుకు గొడ్డలి తీసుకోండి.

కట్టెలు మొద్దు మీద పెట్టి కొట్టండి, నేల మీద కొడితే రాయి తగిలి అంచు పోతుంది. నిలువునా చీల్చాలంటే కత్తిని కట్టె తల మీద ఆనించి, వీపు మీద చెక్క దుడ్డుతో కొట్టాలి. సుత్తి వాడొద్దు.

మాను పడగానే పని అయిపోలేదు. నేలమట్టానికి నరికి వదిలేస్తే గుత్తులుగా పిలకలు వస్తాయి. గడ్డపారతో చుట్టూ తవ్వి, జానెడు లోతున వేరు మొదలు తెగ్గొట్టండి. కాయలున్న కొమ్మలను మందలు నడిచే దారిలో పడేయకండి. గొర్రెలు, మేకలు ఆ కాయలు తింటాయి, విత్తనాలు పెంటికలతో పడి వానలకు మళ్లీ మొలుస్తాయి.