మాన్యువల్ ఫిల్మ్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాతో ఫొటోలు తీయడం ఎలా?

ఇంట్లో బీరువా సర్దుతున్నప్పుడు పెంటాక్స్ కె1000, నికాన్ ఎఫ్‌ఎం10, యాషికా ఎఫ్‌ఎక్స్-3 వంటి పాత కెమెరా ఒకటి బయటపడితే, ఇక పనికిరాదని దాన్ని పక్కన పెట్టేయకండి. ఈ మూడింటిలోనూ షట్టర్ పూర్తిగా స్ప్రింగులు, గేర్ల మీదే నడుస్తుంది; బ్యాటరీ అవసరమయ్యేది వెలుతురు కొలిచే మీటరుకు మాత్రమే. అందువల్ల ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న కెమెరా కూడా, లోపల తుప్పు, లెన్సులో బూజు చేరకుండా ఉంటే, చాలాసార్లు వెంటనే పనిచేస్తుంది. అయితే ఫోకస్, లెన్సు రంధ్రం, షట్టర్ వేగం అన్నీ మనమే నిర్ణయించాలి. ఆ పనులేవీ కష్టమైనవి కావు. కొత్తగా మొదలుపెట్టేవారు రీళ్లు వృథా చేసుకునేది ఎక్కువగా వెలుతురు లెక్క దగ్గర కాబట్టి, ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతున్నాను.

ముందుగా కెమెరాను పరీక్షించడం

లోపల రీలు లేదని తేల్చుకున్నాకే వెనక తలుపు తెరవాలి. రివైండ్ పిడిని బాణం గుర్తు చూపే వైపు మెల్లగా తిప్పి చూడండి. అది బిగువుగా తగిలితే లోపల రీలు ఉన్నట్టే. అప్పుడు దాన్ని ముందు పూర్తిగా వెనక్కి చుట్టాలి (ఎలాగో చివర్లో చెప్పాను). పిడి వదులుగా తిరిగితే, చాలా కెమెరాల్లో దాన్నే పైకి గట్టిగా లాగగానే వెనక తలుపు తెరుచుకుంటుంది. లెన్సును కిటికీ వైపు పెట్టి, వెనక నుంచి చూస్తూ 1 సెకను మొదలుకొని 1000 (సెకనులో 1000వ వంతు) వరకు ఒక్కో వేగం దగ్గర లీవరు తిప్పి బటన్ నొక్కండి. 1 సెకను దగ్గర షట్టర్ తెరుచుకుని, మనసులో ఒకటి లెక్కపెట్టేంత సేపు ఉండి మూసుకోవాలి. 1000 దగ్గర కంటికి ఒక్క మెరుపు మాత్రం కనిపించాలి. మెరుపు అసలు కనబడకపోతే ఆ వేగం దగ్గర షట్టర్ సరిగా తెరుచుకోవడం లేదని అర్థం. తలుపు అంచుల వెంట ఉండే నల్లటి స్పాంజి పట్టీని వేలితో తాకితే జిగురుగా అంటుకుంటుంటే దాన్ని మార్పించాలి. లేకపోతే అక్కడి నుంచి వెలుతురు చొరబడి ప్రతి ఫొటో మీదా చారలు పడతాయి.

కెమెరా అడుగున ఉండే మూతను నాణెంతో తిప్పి ఎల్ఆర్44 బ్యాటరీ వేయండి. కె1000కు ఒకటి చాలు, ఎఫ్‌ఎం10కు రెండు కావాలి. కె1000లో మీటరుకు విడిగా స్విచ్ లేదు. లెన్సుకు మూత పెడితేనే మీటరు ఆగుతుంది కాబట్టి, మూత పెట్టకుండా వదిలేస్తే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

రీలు ఎక్కించడం

ఈ పనిని ఎప్పుడూ నీడలోనే చేయండి. ఎడమవైపు గదిలో రీలు డబ్బాను పెట్టి, పైకి లాగిన పిడిని కిందికి నొక్కితే డబ్బా కదలకుండా కూర్చుంటుంది. నాలుకలా బయటికి వచ్చి ఉన్న ఫిల్మ్ చివరను కుడివైపు చుట్టుడు కమ్మీలోని సందులో దూర్చి, ఫిల్మ్ అంచుల్లోని రంధ్రాలు పళ్ల చక్రం మీద పైనా కిందా సరిగా పడేవరకు లీవరును తిప్పండి. తలుపు మూశాక రివైండ్ పిడిని బాణం వైపు మెల్లగా తిప్పి, లోపల వదులుగా ఉన్న ఫిల్మును బిగించండి. ఆ తర్వాత రెండుసార్లు ఉత్తినే బటన్ నొక్కి లీవరు తిప్పండి. లీవరు తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ పిడి కూడా దానంతట అదే తిరుగుతుండాలి. అది తిరగకపోతే ఫిల్మ్ కమ్మీ నుంచి జారిపోయినట్టే. ఫొటోల లెక్క చూపే అంకె 36కు చేరినా ఫిల్మ్ మాత్రం ఒక్క గడి కూడా కదిలి ఉండదు. పెళ్లికో జాతరకో వెళ్లే ముందు ఈ ఒక్క గుర్తును తప్పకుండా చూసుకోవాలి, ఎందుకంటే అక్కడ తీసిన ఫొటోలు మళ్లీ తీయడానికి ఉండవు.

రీలు డబ్బా మీద ఉన్న ఐఎస్‌ఓ అంకెను, అంటే ఫిల్ము వెలుతురుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకెను, కెమెరా మీది డయల్‌లో కూడా పెట్టాలి. ఇలాంటి కెమెరాలు డబ్బా మీది గుర్తులను వాటంతట అవి చదువుకోవు. బయట పగటి వెలుతురులో తీసేవాటికి 200 చాలు. గుడి లోపల, సాయంకాలం తీసేవాటికి 400 మేలు.

వెలుతురు లెక్క

లెన్సు చుట్టూ ఉండే రింగు మీద 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే అంకెలుంటాయి; వీటినే ఎఫ్ 2, ఎఫ్ 8 అని చెబుతారు. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, ఒక్కో మెట్టుకు లోపలికి వచ్చే వెలుతురు సగమవుతుంది. షట్టర్ డయల్ మీద 60, 125, 250, 500 అంటే సెకనులో 60వ వంతు, 125వ వంతు అని అర్థం. ఇక్కడ కూడా ఒక్కో మెట్టుకు వెలుతురు సగమవుతుంది. ఈ మెట్టునే స్టాప్ అంటారు. అందువల్ల ఎఫ్ 8, 250 దగ్గర ఫిల్ము మీద పడే వెలుతురూ, ఎఫ్ 11, 125 దగ్గర పడేదీ ఒక్కటే. కదిలేదాన్ని నిలిపి తీయాలంటే వేగం పెంచుకోవాలి. ముందున్నదీ వెనకున్నదీ రెండూ స్పష్టంగా రావాలంటే రంధ్రం చిన్నది చేసుకోవాలి. 50 మి.మీ. లెన్సును చేత్తో పట్టుకుని తీసేటప్పుడు వేగం 60కి తగ్గకుండా చూసుకుంటే చేతి వణుకు ఫొటోలో కనబడదు. 135 మి.మీ. లెన్సుకైతే 125 కన్నా తక్కువ పనికిరాదు, 250 పెడితే నిశ్చింత.

కె1000లో వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) కుడి అంచున ఒక ముల్లు ఉంటుంది. అది మధ్యకు వచ్చేవరకు లెన్సు రంధ్రం రింగు, షట్టర్ డయల్ రెండింటిలో ఏదో ఒకటి తిప్పాలి. నికాన్ ఎఫ్‌ఎం10లో బటన్‌ను తేలిగ్గా నొక్కి పట్టుకుంటే కూడిక, సున్నా, తీసివేత గుర్తుల చిన్న దీపాలు వెలుగుతాయి. సున్నా ఒక్కటే వెలిగితే మీటరు లెక్క కుదిరినట్టు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, కానీ అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

మీటరు కొలిచేది వస్తువు మీద పడే వెలుతురును కాదు, వస్తువు నుంచి తిరిగి వచ్చే వెలుతురును. ఎదురుగా ఉన్నది ఏదైనా సరే, తెలుపూ కాని నలుపూ కాని మధ్యరకం బూడిదరంగులో ఉందనుకుని అది లెక్క చెబుతుంది. మన ప్రాంతంలో ఫొటోలు తీసేవారికి ఇది రోజూ ఎదురయ్యే సమస్య. 1213లో కట్టిన రామప్ప గుడి గోడలు ఎర్రటి ఇసుకరాతివి. చూరు కింద నిలిచిన మదనికలు (స్త్రీ శిల్పాలు) మాత్రం నున్నగా తీర్చిన నల్లరాతివి. ఒక్క మదనిక ఫొటో నిండా వచ్చేలా నిలబడి మీటరు చూస్తే, చీకటి ఎక్కువగా ఉందనుకుని అది అవసరానికి మించి వెలుతురు కోరుతుంది. అది చెప్పినట్టు తీస్తే నిగనిగలాడే నల్లరాయి బూడిద పూసినట్టు వెలవెలబోతుంది. దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగేది వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌లో. పత్తి కుప్పలను చూసిన మీటరు, వెలుతురు ఎక్కువైందనుకుని రంధ్రం చిన్నది చేయమంటుంది. దాని మాట వింటే తెల్లటి పత్తి మాసిన గుడ్డలా వస్తుంది.

కాబట్టి నల్లటివాటికి మీటరు చెప్పినదానికన్నా ఒకటి లేదా రెండు స్టాప్‌లు తగ్గించాలి, తెల్లటివాటికి అంతే పెంచాలి. ఎంత అన్నది తేల్చుకోవడానికి ఇంకా నమ్మకమైన దారి ఒకటుంది. మదనిక మీద పడుతున్న వెలుతురే పక్కనున్న ఇసుకరాతి మీద కూడా పడుతుంటే, మీటరును ఆ ఇసుకరాతి వైపు తిప్పి కొలవండి. ఆ అంకెలనే ఉంచుకుని మదనికను తీయండి. పక్కన అలాంటిదేదీ లేకపోతే మీ అరచేతిని అదే వెలుతురులో చాచి, వ్యూఫైండర్ నిండా చేయి వచ్చేలా దగ్గరగా పెట్టి కొలవండి. అరచేయి మీటరు ఊహించే బూడిదరంగు కన్నా సుమారు ఒక స్టాప్ వెలుగు ఎక్కువ ఇస్తుంది గనక, వచ్చిన లెక్కకు ఒక స్టాప్ కలపాలి. అంటే ఎఫ్ 11 చూపితే ఎఫ్ 8 పెట్టాలి.

మీటరు పాడైపోయినా ఫొటోలు ఆగనవసరం లేదు. మబ్బు లేని ఎండలో రంధ్రం ఎఫ్ 16 దగ్గర పెట్టి, షట్టర్ వేగాన్ని ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా ఉంచితే చాలు. 200 రీలుకు 250, 400 రీలుకు 500. పలుచని మబ్బుంటే ఎఫ్ 11, మబ్బు కమ్మితే ఎఫ్ 8, ఆకాశం కనబడే నీడలో ఎఫ్ 5.6 లేదా ఎఫ్ 4. ఈ లెక్క పడే వెలుతురును బట్టి వచ్చింది కనుక, మధ్యాహ్నపు ఎండలో పత్తి కుప్పకూ దాని పక్కనే నిలబడ్డ నల్ల గొడుగుకూ అంకెలు ఒక్కటే. ఎదురుగా ఉన్నది తెల్లదా నల్లదా అని చూడకుండా, దాని మీద ఎంత వెలుతురు పడుతోంది అని చూడడం అలవాటైతే మీటరు చెప్పేదాన్ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు సవరించాలో మీకే తెలుస్తుంది.

హనుమకొండలోని 1163 నాటి వేయి స్తంభాల గుడిలాంటి చోట మండపం నీడలో మనిషిని నిలబెట్టి తీసేటప్పుడు వెనకాల ఎండలో మెరిసే ఆవరణ మీటరును మోసగిస్తుంది. ముఖం నల్లగా పడిపోతుంది. మనిషి దగ్గరికి నడిచి వెళ్లి, ముఖం నిండా వచ్చేలా పెట్టి కొలిచి, ఆ అంకెలతోనే వెనక్కి వచ్చి తీయాలి. చామనఛాయ ముఖం మీటరు ఊహించే ఛాయకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇక్కడ పెద్దగా సవరించనక్కర్లేదు. వెనకున్న ఆవరణ కాస్త ఎక్కువ తెల్లబడినా ఫర్వాలేదు, ఎందుకంటే నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురును బాగా ఓర్చుకుంటుంది, తక్కువ వెలుతురునే ఓర్చుకోలేదు. సందేహం వచ్చినప్పుడు ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వండి. నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లైడ్ ఫిల్ముకు మాత్రం ఇది తలకిందులు: దానికి వెలుతురు ఎక్కువైతే తెల్లని భాగాల్లో వివరమంతా పోతుంది.

ఎండాకాలం నడినెత్తి మీద ఎండ ఉన్న గంటల్లో శిల్పాల కళ్ల కింద, గడ్డాల కింద నీడలు గుంటల్లా పడతాయి. రామప్ప గుడి తూర్పు ముఖంగా ఉంది కనుక, ఆ వైపు చెక్కడాలను పొద్దున్నే ఏటవాలు ఎండలో తీయడం ఉత్తమం.

బతుకమ్మకు హనుమకొండలోని పద్మాక్షి గుండం దగ్గర దీపాల వెలుతురులో తీయాలంటే 400 రీలు, ఎఫ్ 2, వేగం 60 నుంచి మొదలుపెట్టండి. ఫ్లాష్ వాడితే కె1000లో వేగం 60 దాటకూడదు. దాటితే షట్టర్ పరదా సగమే తెరుచుకుని ఉన్నప్పుడు ఫ్లాష్ వెలుగుతుంది, ఫొటోలో ఒక భాగం నల్లగా ఉండిపోతుంది.

ఫోకస్, బటన్

చాలా కెమెరాల్లో వ్యూఫైండర్ మధ్యలో గుండ్రటి భాగం రెండుగా చీలి కనబడుతుంది; మామూలు కె1000లో మాత్రం చీలిక ఉండదు, ఫోకస్ కుదరనంతవరకు మధ్య భాగం మెరుస్తూ చెదిరినట్టు కనబడుతుంది. చీలిక ఉంటే స్తంభం అంచు వంటి నిలువు గీతను అందులో పెట్టి, పై ముక్కా కింది ముక్కా ఒకే గీతగా కలిసేవరకు లెన్సు తిప్పండి. మనిషిని తీస్తున్నప్పుడు దగ్గరగా ఉన్న కంటి మీద ఫోకస్ చేయాలి. జాతరలో జనం మధ్య ఒక్కో ఫొటోకు ఫోకస్ చేసే తీరిక ఉండదు. అప్పుడు 50 మి.మీ. లెన్సును ఎఫ్ 16 దగ్గర ఉంచి ఫోకస్ రింగును సుమారు 5 మీటర్ల దగ్గర పెట్టేస్తే, రెండున్నర మీటర్లు మొదలుకొని కనుచూపు మేర వరకు అన్నీ తగినంత స్పష్టంగా వస్తాయి. మోచేతులను పక్కలకు ఆనించి, ఎడమ చేత్తో లెన్సును కింద నుంచి పట్టుకుని, బటన్‌ను కుదుపు లేకుండా మెల్లగా నొక్కండి.

రీలు పూర్తయ్యాక

36 దాటాక లీవరు బిగుసుకుంటే బలవంతం చేయవద్దు. ఫిల్మ్ డబ్బాలోని కమ్మీ నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. కెమెరా అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, రివైండ్ పిడిని బాణం వైపు తిప్పుతూ ఉండండి. చివర్లో ఒక్కసారి బిగువు పెరిగి, ఠక్కున వదులై, పిడి తేలికగా తిరగడం మొదలవుతుంది. అప్పటిదాకా తలుపు తెరవకూడదు.

వేసవిలో రీళ్లను కారులో, బండి డిక్కీలో వదిలితే వేడికి రంగులు చెడతాయి. వాడని రీళ్లను ఫ్రిజ్‌లో పెట్టి, వాడే ముందు గంటసేపు బయట ఉంచి, చల్లదనం పోయాకే డబ్బా మూత తీయండి. వానాకాలంలో లెన్సును తోలు సంచిలో మూసిపెట్టకుండా, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో ఉంచితే బూజు పట్టదు.

కలర్ రీళ్లను సీ-41 పద్ధతిలో, సుమారు 38 డిగ్రీల ద్రావణంలో కడుగుతారు. మీ ఊళ్లో కడిగేవారు లేకపోతే వేరే ఊళ్లోని ల్యాబుకు కొరియర్‌లో పంపవచ్చు. బ్లాక్ అండ్ వైట్ రీళ్లను ఇంట్లోనే కడుక్కోవచ్చు, కానీ వాటి లెక్కలన్నీ 20 డిగ్రీల నీటికి రాసినవి. మే నెలలో కుళాయి నీళ్లు అంతకన్నా చాలా వేడిగా ఉంటాయి కాబట్టి డెవలపర్ గిన్నెను మంచుముక్కలు వేసిన నీళ్లలో ఉంచి, థర్మామీటరుతో చూసి మొదలుపెట్టాలి. ల్యాబుకు ఇచ్చేటప్పుడు స్కాన్ ఫైళ్లతో పాటు నెగెటివ్‌లు కూడా తిరిగి కావాలని ముందే చెప్పండి. వాటిని ఆరు ఫొటోల ముక్కలుగా కత్తిరించి, ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టి, తొడుగు మీద తేదీ, చోటు, ఏ అంకెలతో తీశారో రాసుకోండి.